చెవులున్న యంత్రం

కుక్క బొమ్మ రికార్డు చూసినప్పుడల్లా రావలసిన సందేహం ఒకటుంది. ఎందుకో ఎవరికీ రాదు. గ్రామఫోను బాకా ముందు కూర్చుని కుక్క తల ఓరగా పెట్టి వింటోంది. వింటున్నది తన యజమాని గొంతట, బొమ్మ పేరే అది. ఆ యజమాని పేరుమోసిన గాయకుడేమీ కాడు కదా! కుక్కను పెంచుకునే మామూలు సంసారి గొంతు రికార్డులోకి ఎలా ఎక్కింది?

ఫ్రాన్సిస్ బరాడ్ అనే ఇంగ్లిషు చిత్రకారుడు ముందు వేసినప్పుడు ఆ బొమ్మలో గ్రామఫోను లేదు. కుక్క ముందున్నది ఫోనోగ్రాఫు, అంటే పళ్ళెం బదులు మైనపు గొట్టం తిరిగే ఎడిసన్ తరహా యంత్రం. 1899లో గ్రామఫోన్ కంపెనీ బొమ్మ కొంటానంది, కానీ అందులో తమ యంత్రమే ఉండాలంది. బరాడ్ పాత యంత్రం మీద రంగు పూసి కొత్తది గీసి ఇచ్చాడు. ఆ తైలవర్ణ చిత్రాన్ని ఏటవాలుగా చూస్తే అడుగున ఫోనోగ్రాఫు ఆనవాళ్ళు ఇప్పటికీ తెలుస్తాయి. యంత్రం మారడంతో బొమ్మ లోకప్రసిద్ధమైంది. అందులోని కథకు మాత్రం అర్థం లేకుండా పోయింది. పళ్ళెం యంత్రానికి పాడడమే వచ్చు. యజమాని గొంతును యజమాని ఇంట్లోనే పట్టుకోగలిగింది ఆ చెరిపేసిన యంత్రం ఒక్కటే.

ఎడిసన్ స్టాండర్డ్ అనే రకం ఫోనోగ్రాఫు 1898లో వచ్చింది. ధర 20 డాలర్లు. దాంతో వాడే బిళ్ళలు రెండున్నాయి, అరచేతిలో ఇమిడేంతవి. పైనుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తిరగేస్తేగానీ తేడా తెలియదు. ఒకదాని అడుగున నీలపు రాయి ముక్క నున్నగా, గుండ్రంగా ఉంటుంది. రెండోదాని అడుగున కూడా నీలమే, కానీ అంచు ఉలిలా పదునుగా ఉంటుంది. మొదటిది తగిలిస్తే యంత్రం పాడుతుంది. రెండోది తగిలిస్తే వింటుంది. ఫోనోగ్రాఫుకు నోరూ చెవులూ ఆ బిళ్ళలే.

వినడమంటే ఇక్కడ చెక్కడం. బాకాలోకి మాట్లాడితే గాలి అలలు వచ్చి బిళ్ళలో బిగించిన పలుచటి గాజు పొరకో, అభ్రకం పొరకో తగులుతాయి. పొర అదురుతుంది. దానికి అతికిన నీలపు ఉలి కూడా అదురుతూ తిరుగుతున్న మైనంలోకి దిగుతుంది, లేస్తుంది. గట్టి శబ్దానికి లోతుగా, మెల్లటి శబ్దానికి పైపైన. గాడి అడుగున గుట్టలూ పల్లాలూ వరసగా ఏర్పడతాయి. తరవాత నున్నటి రాయి ఆ గుట్టలెక్కి దిగుతూ పొరను మళ్ళీ అదే తీరున అదిరిస్తుంది, అదే గాలి అల బాకాలోంచి బయటికొస్తుంది. మధ్యలో కరెంటు లేదు, మైకు లేదు, తీగ లేదు. మన గ్రామఫోను పళ్ళాల మీద గాడి ఎడమకూ కుడికీ మెలికలు తిరుగుతుంది. ఫోనోగ్రాఫులో అది పైకీ కిందికీ కదులుతుంది. చూపుకు చిన్న తేడాయే గానీ రెండు కంపెనీల వాళ్ళు దాని మీద దశాబ్దాలు కొట్టుకున్నారు.

ఇందులో కొలతలు ఎంత చిన్నవో లెక్క కట్టి చూడడం నాకు సరదా. మైనపు గొట్టం అడ్డుకొలత సుమారు అయిదున్నర సెంటీమీటర్లు, పొడవు పదకొండుకు కాస్త తక్కువ. యంత్రంలోని మర అంగుళానికి నూరు చుట్లు ఉంటుంది కాబట్టి గొట్టం మీద గాళ్ళు కూడా అంగుళానికి నూరు. నిమిషానికి 160 చుట్ల చొప్పున రెండు నిమిషాలు తిరిగితే 320 చుట్లు. ఆ గాడిని విప్పి నేల మీద పరిస్తే 56 మీటర్ల దాకా వస్తుంది. ఉలి కింద మైనం సెకనుకు 46 సెంటీమీటర్ల పైచిలుకు జారిపోతుంది. సెకనుకు వెయ్యిసార్లు అదిరే స్వరం పాడితే ఒక్కో అల అర మిల్లీమీటరు కంటే కురచ. గాడి లోతు తలవెంట్రుక మందమంత కూడా ఉండదు.

ఇంత పనీ చేయవలసింది మనిషి ఊపిరే. మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు నుంచి వెలువడే శబ్దశక్తి ఒక వాటులో లక్షో వంతు దరిదాపుల్లో ఉంటుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వెలిగించాలంటే పది లక్షల మంది ఒక్కసారిగా మాట్లాడాలన్నమాట. అంత బలహీనమైన దానితో మైనం చెక్కించాలి. అందుకే బాకా. దాని పెద్ద నోరు శబ్దాన్ని పోగుచేసి సన్నటి మెడలోంచి పొర మీదికి తోస్తుంది. ఇప్పటికీ ఈ పని సరదాగా చేసేవాళ్ళు రికార్డు చేయడానికి వెడల్పాటి పువ్వు బాకా వాడరు. పొడవాటి సన్నటి గరాటు లాంటిది పెట్టి, నోరు దాదాపు దానికి ఆనించి, గొంతెత్తి పలుకుతారు. రేకు బాకా తనంతట తాను గంటలా మోగకుండా దానికి గుడ్డపట్టీ చుట్టడం కూడా పాతకాలపు కిటుకే.

ఇంత చేసినా యంత్రానికి చెముడే. సుమారు 200 నుంచి మహా అయితే 3,000 హెర్ట్జ్ దాకా వింటుంది. అంతకు కింది గంభీర స్వరాలు గాడిలో దిగవు, పైవి పొర దాకా వచ్చి చచ్చిపోతాయి. ‘స’ అక్షరంలో శక్తి చాలావరకు 4,000 పైనే ఉంటుంది. కాబట్టి ‘సీసా’ అని ఎంత స్పష్టంగా పలికినా మైనం మీద మిగిలేవి అచ్చులే. దీన్ని కనిపెట్టిన థామస్ ఎడిసన్‌కు చిన్నతనం నుంచీ వినికిడి తక్కువ. యంత్రం చెక్కకు పళ్ళు ఆనించి, దవడ ఎముక ద్వారా నాదం వినేవాడు.

ఏ గొంతు దీనికి నప్పుతుంది? మైకు ముందు గుసగుసలాడే నేటి సినిమా గొంతు పనికిరాదు. ఒపేరా గాయకులు నప్పారు, బాకా ఊదేవాళ్ళు, బాంజో వాయించేవాళ్ళు నప్పారు. వయొలిన్ నీరసపడితే, తీగల కింద చెక్కపెట్టె తీసేసి పొరా బాకా తగిలించిన వింత వయొలిన్‌ను స్ట్రో అనే ఆయన తయారుచేశాడు. మన వాద్యాల్లో అయితే సన్నాయి బ్రహ్మాండంగా పడుతుంది, వీణ పడదు. మైకులు రాకముందు ఆఖరి వరసలో చాప మీద కూర్చున్న వాడికి కూడా వినిపించేలా పద్యం అందుకుని రాగం తీసిన రంగస్థల నటుడుంటాడు చూడండి, ఎడిసన్ యంత్రం అలాంటి వాడి కోసమే పుట్టిందనిపిస్తుంది.

ఇక మైనం సంగతి. మైనం అంటున్నాం గానీ ఆ గోధుమరంగు గొట్టం నిజానికి ఒక రకం సబ్బు. పశువుల కొవ్వు నుంచి తీసే స్టియరిక్ ఆమ్లాన్ని కాస్టిక్ సోడాతో, అల్యూమినియం లవణంతో ఉడికిస్తే వచ్చే లోహపు సబ్బు. దానికి కాస్త ఖనిజ మైనం కలుపుతారు. తేనెతుట్టె మైనం ఎందుకు పనికిరాదంటే మరీ మెత్తన, గాడి నిలవదు. మరీ గట్టిదైతే ఉలి దిగదు. పలుకు ఉన్నదైతే బరబర శబ్దం తప్ప మరేమీ వినిపించదు. చెక్కేటప్పుడు వెన్నలా, పాడేటప్పుడు కొమ్ములా ఉండాలి. ఎడిసన్ దగ్గర రసాయన శాస్త్రవేత్త జోనస్ ఏల్స్‌వర్త్ ఈ సబ్బు పాకం మీద ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. ఇవాళ ఖాళీ గొట్టాలు పోసే ఒకరిద్దరు ఔత్సాహికులు కూడా పాకం ముదిరిందనో లేతగా దిగిందనో, మన బెల్లం వండేవాళ్ళ మాదిరిగానే తల పట్టుకుంటుంటారు.

రికార్డు చేసే పద్ధతి చెబుతాను. ఖాళీ గొట్టాన్ని ముందు కాస్త వెచ్చబరచాలి. చల్లటి మైనం పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చుల చప్పుడంతా పాటలోకొస్తుంది. గొట్టాన్ని పైన పట్టుకోకూడదు. లోపలికి రెండు వేళ్ళు దూర్చి, వాటిని విప్పి, ఆ బిగువు మీద ఎత్తాలి. చలిలో ఉన్న గొట్టానికి అరచేతి వేడి తగిలినా ఫటుక్కున చీలిపోవచ్చు. యంత్రంలో గొట్టం తొడిగే ఇరుసు ఒక చివర సన్నగా, రెండో చివర లావుగా ఉంటుంది. గొట్టాన్ని మెత్తగా నెడితే తానే బిగుసుకుంటుంది. స్ప్రింగుకు పూర్తిగా కీ ఇవ్వాలి. వేగం అదుపు చేయడానికి మూడు చిన్న గుండ్లున్న గవర్నరు ఉంటుంది. వేగం పెరిగితే గుండ్లు దూరం జరుగుతాయి, వాటితోపాటు ఒక బిళ్ళ జరిగి తోలుముక్కకు రాసుకుంటుంది, వేగం తగ్గుతుంది. తోలు ఎండిపోయి ఉంటే పాట వణుకుతుంది. కాబట్టి ముందు ఒక చుక్క నూనె.

తరవాత చెవి బిళ్ళ తగిలించి, మైనం మీదికి దించి, పాడడం మొదలుపెట్టాలి. ఉలి వెనకనుంచి సన్నటి మైనపు పోగు జుట్టులా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. దాన్ని మెత్తటి కుంచెతో పక్కకు తోస్తుండాలి. పోగు తెగకుండా ఒకే తీరుగా వస్తే గాడి బాగా పడుతున్నట్టు. పొడిపొడిగా రాలుతుంటే ఉలి మొద్దుబారింది, లేదా మైనం చల్లారింది. రెండు నిమిషాలైతే గొట్టం అయిపోతుంది, పాట మిగిలిపోయినా సరే. వెంటనే బిళ్ళ మార్చి వినవచ్చు. కడగడం లేదు, అచ్చు పోయడం లేదు. నూట పాతికేళ్ళ కిందట అమెరికాలో కూలినాలి చేసుకునేవాడు కూడా కాస్త కూడబెట్టుకుని ఇంట్లో ఈ పని చేసుకోగలిగాడన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతే.

మొదట్లో ఇది ఇంత తేలిక కాదు. 1877 డిసెంబరులో న్యూజెర్సీలోని మెన్లో పార్కులో జాన్ క్రూసీ అనే పనివాడు ఎడిసన్ గీసిచ్చిన బొమ్మ చూసి తయారుచేసిన తొలి యంత్రం మీద మైనం లేదు. గాడి పెట్టిన ఇత్తడి గొట్టానికి తగరపు రేకు చుట్టి, చేత్తో తిప్పుతూ, ఎడిసన్ ఒక పసిపిల్లల పాట అరిచి చెప్పాడు. యంత్రం తిరిగి చెప్పింది. రేకు మీద గాడి చెక్కుడు పడదు, నొక్కుడు మాత్రమే పడుతుంది. నాలుగుసార్లు వింటే అరిగిపోయేది, రేకు విప్పితే మళ్ళీ బిగించడం కుదిరేది కాదు. మైనాన్ని చెక్కాలన్న ఆలోచన అలెగ్జాండర్ గ్రాహం బెల్ వోల్టా ప్రయోగశాలలో చిచెస్టర్ బెల్, చార్లెస్ టేంటర్‌లది. 1886లో వాళ్ళకు పేటెంటు దక్కింది. అప్పటిదాకా విద్యుద్దీపాల పనిలో మునిగి ఉన్న ఎడిసన్ ఆ దెబ్బకు మళ్ళీ ఫోనోగ్రాఫు వైపు తిరిగాడు. 1888లో గట్టి మైనపు గొట్టంతో కొత్త యంత్రం తెచ్చాడు.

అయితే 1878లోనే ఎడిసన్ ఒక పత్రికలో ఈ యంత్రంతో ఏమేం చేయవచ్చో జాబితా రాశాడు. మొట్టమొదటిది ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం. సంగీతం తరవాతెప్పుడో వస్తుంది. ఇంటిల్లిపాది మాటలను, జ్ఞాపకాలను, పోయే ముందు పెద్దవాళ్ళు చెప్పిన చివరి మాటలను దాచుకోవడం కూడా ఆ జాబితాలో ఉంది. అతని దృష్టిలో అది రాసుకునే పుస్తకం లాంటిది. అచ్చయిన పుస్తకాలు అమ్ముకునే వ్యాపారం తరవాత వచ్చి మీద పడింది.

ఆ పుస్తకంలో తలమునకలుగా రాసుకున్నవాడు లయొనెల్ మేపుల్‌సన్. న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపేరాలో వాద్యబృందపు స్వరలిపి కాగితాలు చూసుకునే ఉద్యోగి. 1900లో ఒక ఎడిసన్ హోమ్ ఫోనోగ్రాఫు కొన్నాడు. కొద్దిరోజుల్లో అది పిచ్చిగా మారింది. 1901 నుంచి 1903 దాకా, ప్రదర్శన జరుగుతుండగానే ఒపేరా రికార్డు చేశాడు. మొదట వేదిక అంచున ప్రాంప్టరు కూర్చునే గూట్లో యంత్రం పెట్టాడు. అక్కడ గాయకుల గొంతు దగ్గరే, కానీ బాకా ప్రేక్షకుల కళ్ళలో పడుతుంది. తరవాత వేదికకు ఎంతో ఎత్తున, తెరలు లాగే నడవలోకి మార్చాడు. అక్కడినుంచి గొంతులు నుయ్యి అడుగునుంచి వచ్చినట్టుంటాయి. అప్పట్లో కంపెనీల రికార్డులన్నీ చిన్న గదిలో బాకాకు ముక్కు ఆనించి పాడినవి. మేపుల్‌సన్ గొట్టాల మీద నిండు వాద్యబృందం ఉంది, మధ్యలో తెగిపోయిన పాట ఉంది, జనం చప్పట్లున్నాయి. జాన్ డి రెస్కే అనే మహాగాయకుడి గొంతు ఈవేళ వినాలంటే ఇవి తప్ప వేరే దిక్కు లేదు. పాపం మేపుల్‌సన్ వాటిని మురిపెంగా అందరికీ వినిపించాడు. మెత్తటి మైనం మీద బరువైన రాయి నడిచిన ప్రతిసారీ గుట్టలు కాస్త అరిగాయి. ఇప్పుడు ఆ గొట్టాల్లో వర్షం కురుస్తున్నట్టు హోరు, ఆ హోరు వెనక ఎవరో పాడుతున్న జాడ.

మేపుల్‌సన్‌కు పేరొచ్చింది గానీ ఆ పని చేసినవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు గొట్టం మీద లేవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా గ్రంథాలయంలో 1890 నుంచి 1910 ప్రాంతాల దాకా ఇళ్ళలో చేసుకున్న ఇలాంటి మైనపు రికార్డులు 600కు పైగా ఉన్నాయి. పిల్లల మాటలు, ఇంట్లో వాళ్ళ పాటలు, వేళాకోళాలు. అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలో వాటికి చోటిచ్చారు. వాటిని మళ్ళీ వినిపించడంలో ఒక చిక్కుంది. ఎవరు ఏ వేగంతో తిప్పారో తెలియదు. రెండు నిమిషాలు చాలక మూడు రావాలని కొందరు నెమ్మదిగా తిప్పేవారు. వేగం తప్పుగా అనుకుంటే తాతగారు కుర్రాడవుతాడు. మేపుల్‌సన్ విషయంలో స్వరలిపి చూసి శ్రుతి సరిచేయవచ్చు. పసివాడి నవ్వుకు స్వరలిపి ఎక్కడిది?

ఇలాంటివి ఇంత తక్కువగా మిగలడానికి ఒక కారణం బూజు. సబ్బు కదా, తేమ పీలుస్తుంది, తెల్లటి శిలీంధ్రం గాళ్ళను తినేస్తుంది. సముద్రపుగాలి తగిలే మన కోస్తా ఊళ్ళలో దాని గతేమిటో ఊహించుకోవచ్చు. రెండో కారణం చిత్రిక. గొట్టం గోడ మందంగా ఉంటుంది కాబట్టి వడ్రంగి చిత్రిక పట్టినట్టు పైపొర నున్నగా గీకి, మళ్ళీ కొత్తగా రికార్డు చేసుకోవచ్చు. స్టాండర్డ్ రకానికి ఆ గీకే కత్తిని కూడా అమర్చి అమ్మారు. ఒకే గొట్టాన్ని పలుమార్లు గీకవచ్చు. క్రితం ఆదివారం పాడిన పాట పొట్టు రూపంలో నేల మీద రాలేది. చీపురుతో ఊడ్చేసేవారు.

మన దేశంలోకీ ఈ యంత్రం త్వరగానే వచ్చింది. 1892లో వివేకానందుడు మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు దగ్గర అతిథిగా ఉన్నప్పుడు ఆయన గొంతును మైనం మీద పట్టారని వివేకానందుడి జీవిత చరిత్ర చెబుతుంది. ఆ గొట్టాన్ని రాజభవనంలో దాచారు. తరవాత చూస్తే ఏమీ వినపడనంతగా చెరిగిపోయి ఉంది. కలకత్తాలో కుంతలీన్ తలనూనె అమ్మే హేమేంద్ర మోహన్ బోస్ ఫోనోగ్రాఫు మోజులో పడి, స్నేహితులతో పాడించి, చివరికి గొట్టాల వ్యాపారమే పెట్టాడు. రవీంద్రనాథ్ ఠాగూరు గొంతు ఆయన గొట్టాలెక్కింది. ఆ తరవాత ఫ్రాన్సులో పాథే కంపెనీ ద్వారా పళ్ళాలుగా మారింది.

పళ్ళెం గెలవడానికి కారణం నాణ్యత కాదు. అచ్చు. ఎమిల్ బెర్లినర్ పళ్ళాన్ని అట్లు పోసినట్టు ఒక మూసలోంచి వేలకు వేలు తీయవచ్చు. గొట్టాన్ని అలా తీయడం కష్టం. మొదట్లో గాయకులు ఒకే పాటను నాలుగైదు యంత్రాల ముందు రోజంతా మళ్ళీ మళ్ళీ పాడేవారు. 1902 నాటికి ఎడిసన్ గొట్టాలకూ మూస పోయడం నేర్చాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పళ్ళాలు బీరువాలో పుస్తకాల్లా పేర్చుకోవచ్చు, రెండు వైపులా పాటలు పెట్టవచ్చు. జనం తమ గొంతు కంటే గొప్పవాళ్ళ గొంతు కావాలనుకున్నారు. అందులో తప్పేముంది? నేనైనా అదే కొనేవాణ్ణి. 1929లో ఎడిసన్ కంపెనీ రికార్డుల వ్యాపారమే మూసేసింది. మన ఊళ్ళలోకి గ్రామఫోను వచ్చేసరికి దానికి నోరు ఒక్కటే ఉంది.

గీకిన గొట్టం పోయినట్టే గానీ, అరిగిన గొట్టానికి ఇప్పుడు ఒక దారి దొరికింది. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో కణభౌతిక శాస్త్రవేత్త కార్ల్ హేబర్ బృందం ముల్లు ఆనించకుండా గాడిని ఫొటోలు తీసి, గుట్టల ఎత్తుపల్లాలను కంప్యూటరులో కొలిచి, శబ్దాన్ని లెక్కగట్టి రాబడుతోంది. పగిలిన గొట్టం ముక్కలను కూడా అలా చదువుతారు. ఇటు పాత పద్ధతి మీద మోజున్నవాళ్ళూ ఉన్నారు. 1996లో దే మైట్ బీ జైంట్స్ అనే బృందం వెస్ట్ ఆరెంజ్‌లోని ఎడిసన్ ప్రయోగశాల మ్యూజియానికి వెళ్ళి, బాకా ముందు నిలబడి, మైనం మీద పాట పట్టి తమ ఆల్బమ్‌లో పెట్టుకుంది.

మన ఇళ్ళకు చెవులున్న యంత్రం వచ్చింది కేసెట్‌తోనే. ఎర్ర బొత్తాము, నల్ల బొత్తాము కలిపి నొక్కితే వినేది. గల్ఫ్‌కు పోయినవాళ్ళు ఉత్తరాల బదులు కేసెట్లు పంపేవారు, ఇంటివాళ్ళు వంతులవారీగా జవాబు చెప్పేవారు. మా చిన్నాన్న మస్కట్‌లో ఉన్నప్పుడు మా నాయనమ్మ అలా ఒక కేసెట్ నిండా మాట్లాడింది. యంత్రాన్ని మంచం మీద పెట్టి, అది చెవిటిదన్నట్టు కేకలేసి మాట్లాడింది. కేసెట్ చిన్నాన్నతోపాటే తిరిగొచ్చింది. చెరపకుండా ఉండడానికి దాని వీపున ఉండే ప్లాస్టిక్ పలుకు విరిచేసే ఉంది. ఆ కన్నానికి కాగితం ముద్ద కుక్కి, రేడియోలో వచ్చే సినిమా పాటలు దాని మీదే ఎక్కించింది నేనే. అప్పుడు ఎనిమిదో తరగతి. రెండో వైపు మూడో పాట అయ్యాక, నాలుగోది మొదలయ్యే ముందు, నేను బొత్తాము నొక్కడం ఆలస్యమైన చోట, ఆవిడ ఎవరినో పొయ్యి మీద పాలు చూడమంటోంది.